టైర్ల గది

కండక్టరు నీళ్ళసీసా మూత తీసి, ఒక్క గుక్కతో నోరు తడుపుకుని, మూత బిగించి సీటు కింద పెట్టేసింది. పొద్దున్న ఆరుంపావు. మళ్ళీ మధ్యాహ్నం పన్నెండున్నరకి డిపోకి తిరిగొచ్చేదాకా ఆ సీసా ముట్టుకోదు. ఈ రూటు మీదికి వచ్చి పద్నాలుగు నెలలైంది. దాహాన్ని ఎలా మాయ చెయ్యాలో ఈపాటికి ఒళ్ళే నేర్చుకుంది. బుగ్గన ఓ లవంగం, వీలైనంత తక్కువ మాటలు, ఎండ పడని వైపు నిలబడి టికెట్లు కొట్టడం.

డిపో నుంచి రాతిక్వారీల మీదుగా చివరి స్టాపుకి మూడు గంటలు. అక్కడ పావుగంట హాల్టు. మళ్ళీ మూడు గంటలు వెనక్కి. చివరి స్టాపులో ఒక రేకుల షెడ్డు, షెడ్డులో కంట్రోలరు బల్ల, పక్కన ఒక సిమెంటు గది ఉన్నాయి. గది తలుపు మీద 'స్త్రీలు' అన్న అక్షరాలు వెలిసిపోయి కనిపిస్తాయి. తలుపుకి తాళం. లోపల పాత టైర్లు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆమెకి ముందు ఆ రూటు మీద ఆడ కండక్టరు అంటూ ఎప్పుడూ లేదు కాబట్టి ఆ గది ఎవరికీ పనికిరాదనుకున్నారు. మగవాళ్ళకి షెడ్డు వెనక గోడ ఉంది.

మూడు రోజులుగా ఆమెకి పొత్తికడుపులో మంట. వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు నిప్పుల్లా పడతాయి. మళ్ళీ వెంటనే వెళ్ళాలనిపిస్తుంది. ఆ రోజు క్వారీ మలుపు దాటేసరికి నడుం కుడివైపు ఎవరో బొటనవేలితో గుచ్చి పట్టుకున్నట్టు మొదలైంది. టికెట్ మిషన్ మెడలో వేసుకుని, సీట్ల వీపులు పట్టుకుంటూ ముందుకి నడిచింది.

"అన్నా, పెట్రోలు బంకు దగ్గర రెండు నిమిషాలు ఆపవా?"

డ్రైవరు తల తిప్పలేదు. యాభై ఆరేళ్ళ మనిషి. రూటు మీద అందరూ అతన్ని గడియారం అంటారు. చివరి స్టాపు దగ్గర సైకిల్ షాపతను తన చేతి వాచీని ఈ బస్సు హారన్‌తో సరిచేసుకుంటాడని చెప్పుకుంటారు.

"టైం లేదు."

"ఒంటికెళ్ళాలి అన్నా."

"అక్కడ ఆగామంటే క్వారీ లారీలన్నీ ముందుకెక్కుతాయి. ఇక వాటి దుమ్ము తింటూ పోవాలి. డిపోలోనే చూసుకుని ఎక్కాల్సింది."

అతని ముందు నీళ్ళసీసా పెట్టుకునే కమ్మీ ఖాళీగా ఉంది. ఆమె దాన్ని చూసింది, కానీ చూసినట్టు అప్పుడు గుర్తుపెట్టుకోలేదు. బంకు బస్సు కిటికీ పక్కనుంచి వెనక్కి పోయింది. తెల్ల టైల్స్ గోడ, నీలం తలుపు, తలుపు పక్కన బకెట్టు కూడా కనిపించాయి.

చివరి స్టాపులో ఆమె కంట్రోలరు బల్ల ముందు నిలబడింది. కంట్రోలరు షీటు మీద టైము వేస్తూ, "మళ్ళీ ఆ గది సంగతేనా?" అన్నాడు. "నెలకోసారి అడుగుతావు, నెలకోసారి చెబుతాను. టైర్లు పైవాళ్ళ లెక్కలో ఉన్నాయి. బయట పడేస్తే వానకి నాని చస్తాయి. అప్పుడు మెమో నాకొస్తుంది."

"ఒక పక్కకి జరిపినా చాలండి."

"నువ్వొక్కదానివే కదమ్మా. కాస్త ఓర్చుకో."

సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే అత్తగారు రెండు దుప్పట్లు కప్పి, కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రుద్దింది. ఆవిడ ముప్పై ఏళ్ళు నేత మిల్లులో చేసింది. కోడలు విషయం చెప్పేసరికి రుద్దుతున్న చేతులు ఆపింది.

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. మా మిల్లులోనూ ఇంతే. మేం కాఫీ గ్లాసు సగమే తాగేవాళ్ళం. ఆడపుటక అంటే అదేననుకున్నాం." దుప్పటి అంచు సర్దుతూ, "పొద్దున్నే ఆస్పత్రికి పద. డ్యూటీ గీటీ తర్వాత," అంది.

*

డాక్టరు నడివయసు మనిషి. చేతులు చల్లగా ఉన్నాయి. వీపు వెనక, పక్కటెముకల అంచు కింద అరచేత్తో మెల్లగా తట్టింది. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు తట్టగానే కండక్టరు బల్ల మీద నుంచి సగం లేచిపోయింది.

"రోజుకెన్నిసార్లు వెళ్తావు?"

"పొద్దున్నే ఒకసారి. డ్యూటీ దిగాక ఒకసారి."

"మధ్యలో?"

"మధ్యలో లేదండి."

డాక్టరు మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో బొమ్మ గీసింది. రెండు చిక్కుడుగింజలు, వాటి నుంచి రెండు గొట్టాలు, కింద ఒక సంచి.

"ఇవి నీ మూత్రపిండాలు. ఒక్కోటి పిడికిలంత ఉంటుంది. ఒంట్లో రక్తం పగలూ రాత్రీ వీటిలోంచి తిరుగుతూనే ఉంటుంది. ఒక్కోదాంట్లో కంటికి కనపడని జల్లెళ్ళు దగ్గర దగ్గర పది లక్షలు. అన్నీ కలిసి రోజుకి నూట ఎనభై లీటర్ల నీరు వడగడతాయి."

"నేను తాగేది లీటరు కూడా ఉండదండి."

"తాగిన నీళ్ళు కాదు. రక్తంలో ఉన్న నీటినే మళ్ళీ మళ్ళీ వడకట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలో కలిపేస్తాయి. ఉప్పు ఎంతుండాలో, నీరు ఎంతుండాలో తూచినట్టు చూసుకుంటాయి. ఆఖరికి ఒకటిన్నర లీటరు బయటికి పంపిస్తాయి. నువ్వు తాగడం మానేస్తే ఉన్న నీళ్ళనే గట్టిగా పట్టుకుంటాయి. అందుకే నీకు అంత చిక్కగా, అంత పచ్చగా వస్తోంది."

పెన్ను గొట్టాల మీదికి జారింది.

"ఇవి జానెడు పైచిలుకు. నీళ్ళు పల్లానికి పోయినట్టు ఊరికే కిందికి పోవు. గొట్టం గోడలే పిండుకుంటూ పిండుకుంటూ తోస్తాయి. నువ్వు పడుకున్నా వాటి పని ఆగదు. ఇదిగో, ఈ సంచిలోకి వస్తుంది. గ్లాసుడు నిండేసరికి తలకి కబురు పంపుతుంది. రెండు గ్లాసులు దాటాక గొడవ పెడుతుంది. మూతి దగ్గర రెండు బిగింపులున్నాయి. ఒకటి నీ మాట వినదు, రెండోది వింటుంది. పద్నాలుగు నెలలుగా ఆ రెండోదాన్ని నమ్ముకుని బతికావు నువ్వు."

కండక్టరు బొమ్మ వైపే చూస్తోంది.

"వెళ్ళిన ప్రతిసారీ ఆ ధార క్రిముల్ని కడిగేస్తుంది. నీకు కడిగే ధారే లేదు. నిలవున్న చోట పెరిగాయి, గొట్టంలోంచి పైకి పాకాయి. కుడివైపు దాన్ని పట్టుకున్నాయి. ఇప్పుడే వచ్చావు కాబట్టి మందులతో పోతుంది. ఇలాగే పదేపదే వస్తే ఆ జల్లెళ్ళు మచ్చలు కట్టి మూసుకుపోతాయి. మూసుకున్నవి మళ్ళీ తెరుచుకోవు."

"నేనడిగితే ఆపరండి," అంది కండక్టరు.

డాక్టరు రాయడం ఆపి చూసింది. "మందు నేనివ్వగలను. రోజుకి రెండున్నర, మూడు లీటర్లు తాగమని, మూడు గంటలకోసారి వెళ్ళమని చెప్పగలను. బస్సు మాత్రం నేను ఆపలేనమ్మా."

*

నాలుగు రోజులు సూదులూ మాత్రలూ. అయిదో రోజు కండక్టరు డ్యూటీకి వచ్చింది. సీటు కింద పెద్ద సీసా పెట్టుకుంది. మొదటి గంటలో సగం తాగింది. అలవాటు తప్పిన నీళ్ళు గొంతు దిగుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుగా అనిపించింది.

బంకు బోర్డు దూరంగా కనపడగానే లేచింది. ఈసారి ముందుకెళ్ళి అడగలేదు. తాడు పట్టుకుని ఒక్కసారి లాగింది.

ఒక బెల్లు పడితే బండి ఆగాలి. రెండు బెల్లులు పడేదాకా కదలకూడదు. అది గడియారం కొత్తగా చేరినవాళ్ళకి తనే నేర్పే పాఠం. బ్రేకు పడింది. అద్దంలోంచి అతను చూశాడు.

"ఎవరు దిగుతున్నారు?"

"నేను."

మెట్లు దిగి, నూనె మరకల నేల దాటి, నీలం తలుపు వైపు నడిచింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే ముగ్గురు ఆడవాళ్ళు దిగి తన వెనకే వస్తున్నారు. చంటిబిడ్డ తల్లి ఒకతి, క్వారీలో వంటచేసే ముసలామె, యూనిఫాం వేసుకున్న నర్సు.

"ఎప్పుడు ఆపుతారా అని చూస్తున్నామమ్మా," అంది ముసలామె నడుం మీద చెయ్యి వేసుకుని. "ముందు నువ్వెళ్ళు. నువ్వు లేకుండా బండి పోదుగా."

అందరూ ఎక్కాక రెండు బెల్లులు కొట్టింది. ఆరు నిమిషాలు. ముందు నాలుగు లారీలు. ఎవరో వెనక సీటులోంచి "గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయినట్టున్నారు" అన్నారు. కొందరు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. అతని మెడ వెనక నరం ఒకటి బిగిసి ఉంది.

చివరి స్టాపులో కంట్రోలరు కారణం అడిగాడు. డ్రైవరు ఆమె వైపు చూడకుండా, "కండక్టరు ఆపించింది. రాసుకోండి," అన్నాడు. కంట్రోలరు రాసుకున్నాడు. డిపోకి తిరిగొచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. స్టాపు కాని చోట బండి ఆపినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నొప్పి లేకుండా నడవగలుగుతున్నందుకు సంతోషించాలో, దీనికి ఏడవాలో తెలియలేదు.

*

మర్నాడు డ్రైవరు ముక్కు పట్టేసిన గొంతుతో డ్యూటీకి వచ్చాడు. జలుబు మాత్ర వేసుకున్నానని మెకానిక్‌తో అంటుంటే ఆమె వింది. పోయేటప్పుడు బంకు దగ్గర ఆమె బెల్లు కొట్టింది, దిగింది, ఎక్కింది. అతను స్టీరింగు మీద పొట్ట ఆనకుండా వెనక్కి జరిగి కూర్చున్నాడు.

చివరి స్టాపులో అతను షెడ్డు వెనక్కి వెళ్ళాడు. కండక్టరు బస్సు మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. హాల్టు అయిపోవచ్చింది. అతను రాలేదు. పది నిమిషాలకి పైనే అయ్యాక వచ్చాడు. ముఖమంతా చెమట. కంట్రోలరు ఇచ్చిన టీ ముట్టుకోకుండా బల్ల మీదే వదిలేశాడు. ఎడంచెయ్యి బెల్టు కింద అదిమి పట్టుకుని ఉంది.

ఎన్నాళ్ళ నుంచో కళ్ళముందున్నవే అవి. తాగని టీలు, ఖాళీ కమ్మీ, గోడ వెనక ఆలస్యాలు. చీటీ వెనక బొమ్మ చూడకముందు ఆమెకి వాటి అర్థం తెలియదు.

తిరుగు ప్రయాణంలో గంటన్నర దాటాక బండి నెమ్మదించింది. ఖాళీ రోడ్డు మీద నడక వేగంతో పోతోంది. ప్రయాణికులు మెడలు చాచి చూస్తున్నారు. ఆమె ముందుకెళ్ళింది. అతని చేతివేళ్ళు స్టీరింగు మీద తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏమైందన్నా?"

"ఏం లేదు."

"అన్నా."

అతను గొంతు దించాడు. వెనకవాళ్ళకి వినపడకూడదని పెదాలు మాత్రమే కదిపాడు. "రావట్లేదు. రాత్రి నుంచి ఒక్క చుక్క రాలేదు. పగిలిపోయేట్టుంది."

ఆమె ఇక అడగలేదు. తాడు లాగింది. ఒక బెల్లు.

బండి రోడ్డు పక్కకి దిగి ఆగింది. ఆమె డిపోకి ఫోన్ చేసింది. బ్రేక్‌డౌన్ వాళ్ళు వచ్చేదాకా బస్సు వదిలి కదలొద్దని అవతలి గొంతు చెప్పింది. వాళ్ళెప్పుడొస్తారంటే రెండు గంటలన్నారు. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి సన్నగా మూలుగుతున్నాడు. అతని ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎవరూ వినని శబ్దం అది.

వెనక నుంచి పాలవ్యాను వస్తుంటే ఆమె రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. ప్రయాణికులకి చెప్పింది, "వెనక బస్సు ఇరవై నిమిషాల్లో వస్తుంది. ఇవే టికెట్లు చెల్లుతాయి. మీలో ఎవరైనా ఈ బండి దగ్గరుండండి." నిన్నటి నర్సు ఇవాళ కూడా ఎక్కింది. తనుంటానంది. కండక్టరు బండి తాళం నర్సు చేతిలో పెట్టి, డ్రైవరుని రెక్క పట్టుకుని దించింది.

వ్యానులో ఖాళీ క్యాన్లు గుంటగుంటకీ ఎగిరిపడుతున్నాయి. ఎగిరిన ప్రతిసారీ అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. దారి పొడుగునా ఒక్క మాటే అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

*

ఆ డాక్టరే ఉంది. తెర లాగారు. తెర అవతల కండక్టరు నిలబడి ఉంది. కాసేపటికి గిన్నెలో సన్నటి ధార శబ్దం మొదలైంది. అది ఆగకుండా పోతూనే ఉంది. ఆ తర్వాత అతను ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. నీళ్ళ అడుగు నుంచి పైకొచ్చి మొదటిసారి గాలి పీల్చుకున్నవాడి ఊపిరిలా ఉంది.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పదకొండు వందల మిల్లీలీటర్లు. దీనికి సగం నిండితేనే మనుషులు నిలవలేరు." తెర లోపలికి తిరిగి అతనితో అంది, "సంచి మూతి చుట్టూ ప్రోస్టేటని ఒక గ్రంథి ఉంటుంది. వయసొచ్చేకొద్దీ అది పెరిగి దారిని నొక్కేస్తుంది. నీకు ఏడాదికి పైగా నొక్కుతూ ఉండాలి. రాత్రి జలుబు మాత్ర మిగిలిన కాస్త దారినీ బిగించేసింది. కిందికి దారి లేకపోతే నీరు వెనక్కి తంతుంది. గొట్టాలు ఉబ్బుతాయి, పైన మూత్రపిండాలు ఉబ్బుతాయి. రక్తపరీక్షలో కొంచెం తేడా రావచ్చు. ఇంకో రెండు రోజులు దాచుంటే ఎలా ఉండేదో చెప్పలేను."

"ఆపరేషనా?"

"బహుశా. అప్పటిదాకా ఈ గొట్టం, ఈ సంచీ."

డాక్టరు వెళ్ళాక కండక్టరు తెర లోపలికి వెళ్ళింది. అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన వేలాడుతున్న సంచిని చూడకుండా ఆమె స్టూలు మీద కూర్చుంది.

"నీ మీద రాయించాను," అన్నాడు గోడతో.

"తెలుసు."

"నువ్వు ఆపమన్నప్పుడల్లా నాకు భయమేసేది. ఆగితే నాకూ దిగాలనిపిస్తుంది. దిగితే పది నిమిషాలు నిలబడినా రాదు. బస్సంతా చూస్తుంటుంది. ఒకరికి అనుమానమొస్తే డిపోకి తెలుస్తుంది. మెడికల్ పరీక్షకి పంపితే స్టీరింగు పోతుంది. ఇంకా రెండేళ్ళుంది నాకు." గోడ సున్నం గోటితో గీకాడు. "ఎక్కడా ఆగకుండా పోతే నన్నెవరూ ఏమీ అడగరు. అదమ్మా నా టైము."

ఆమెకి జాలేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి. సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపి అతని చేతికందేలా పెట్టి లేచింది.

*

మూడో రోజు డిపో మేనేజరు గదిలో ఆమె నిలబడింది. బల్ల మీద ఇప్పుడు రెండు మెమోలున్నాయి. ఒకటి బంకు దగ్గర ఆపినందుకు, రెండోది బస్సు రోడ్డు మీద వదిలేసినందుకు.

"మొదటిదానికి కారణం అనారోగ్యమని రాశావు. సరే," అన్నాడు మేనేజరు కళ్ళద్దాలు తీసి. "రెండోదానికి 'డ్రైవరుకి బాగాలేక' అని ఊరుకున్నావు. ఏం బాగాలేదు? కడుపునొప్పా, కళ్ళు తిరిగాయా? ఇది పైకి పోతుందమ్మా. నీ ఉద్యోగానికే రావచ్చు."

"అంతే సార్. బాగాలేదు."

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. డ్రైవరు లోపలికి వచ్చాడు. వదులు ప్యాంటు వేసుకున్నాడు. కుడికాలు ఈడుస్తున్నట్టు నడుస్తున్నాడు. పిక్క దగ్గర గుడ్డ కింద ఏదో ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా?"

"ఎవరూ రమ్మనలేదు సార్." కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నాకు ఒంటికి పోవడం ఏడాదిన్నరగా కష్టంగా ఉంది. మెడికల్‌లో దాచాను. ఆ రోజు పూర్తిగా ఆగిపోయింది. ఈమె ఆపకపోతే నేను అలాగే డిపో దాకా తోలేవాణ్ణి."

మేనేజరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "దాచి, రోజూ యాభైమందిని ఎక్కించుకుని తిరిగావు."

"అవును సార్."

"ఈ మాట నేను వింటే నీకు స్టీరింగు ఇవ్వలేను. తెలిసే చెబుతున్నావా?"

"తెలుసు. ఇంకోటి కూడా రాసుకోండి. పద్నాలుగు నెలల్లో ఈమె ఎన్నిసార్లు ఆపమందో లెక్కలేదు. నేనొక్కసారీ ఆపలేదు. ఈమెకి జబ్బు చెయ్యడంలో నాకూ వాటా ఉంది." కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు, "సార్, ఇది నిండింది. ఎక్కడ వంపుకోవాలి?"

మేనేజరు వెనకనున్న చిన్న తలుపు చూపించాడు. అది ఆయన సొంత బాత్రూమ్. డ్రైవరు లోపలికి వెళ్ళాడు. బిరడా తిప్పిన చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు పల్చటి తలుపులోంచి బయటికి వినిపించాయి. గదిలో ఇద్దరూ వినక తప్పలేదు. మేనేజరు పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఆ గదిలో టైర్లు ఎప్పట్నించి ఉన్నాయి?"

"నేను రాకముందు నుంచే సార్. మూడు అర్జీలు పెట్టాను."

ఆయన సొరుగులు వెతికాడు. మూడోది దొరికింది. మడత కూడా విప్పలేదు. ఫోన్ తీసి చివరి స్టాపుకి కలిపాడు. అవతల కంట్రోలరు గొంతు పెద్దగానే వినపడుతోంది. వాన, లెక్క, పైవాళ్ళు.

"నీ బల్ల కింద పెట్టుకో, నెత్తిన పెట్టుకో. రేపు మొదటి బస్సు వచ్చేసరికి ఆ గది ఖాళీగా ఉండాలి. కుళాయి నీళ్ళు రావాలి. లోపల గడియ పనిచెయ్యాలి," అని పెట్టేశాడు.

మొదటి మెమో మీద అడ్డంగా గీత గీసి సంతకం చేశాడు. రెండోది చేతిలో పట్టుకుని, "ఇది అప్పుడే పైకి చేరింది. కొట్టెయ్యడం నా చేతిలో లేదు. ఉన్నదున్నట్టు మళ్ళీ రాసివ్వు. కింద నేనూ నాలుగు ముక్కలు రాస్తాను. ఏమవుతుందో చెప్పలేను," అన్నాడు.

"రాస్తాను సార్."

డ్రైవరు బయటికొచ్చాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. ముఖం అలిసిపోయి, తేలిగ్గా ఉంది. ఈసారి కుర్చీ చూపించకుండానే కూర్చున్నాడు.

కండక్టరు కదల్లేదు. పొద్దుట్నుంచి లీటరున్నర తాగింది. సంచి కబురు పంపి చాలాసేపయింది. ఇంకో రోజైతే ఇంటికెళ్ళేదాకా బిగపట్టేది.

"సార్," అంది. "నేనూ ఒకసారి వెళ్ళొస్తాను."

మేనేజరు తలెత్తాడు. ఆ తలుపు వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు. డిపోలో ఎవరూ ఆ తలుపు దాటలేదు ఇవాళ్టిదాకా. ఆయన కుర్చీ కాస్త పక్కకి జరిపి దారిచ్చాడు.

ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. తెల్లటి నేల, మూలగా చిన్న కిటికీ, కిటికీలో ఎండ. బయట గదిలో మగవాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆవరణలో ఏదో బస్సు స్టార్టయింది. ఎవరో పేరు పెట్టి ఎవరినో కేకేస్తున్నారు. ఆమె తొందరపడలేదు.